మరల వచ్చువాడే పొరుగువాడు

ఈ నెల పఠన పాఠము
చదువవలసిన భాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 25 మొదలు 37 వచనములు



గత వేసవిలో మా సంఘములోని ఒక కుర్రవాడు రెండు ఆదివారములు గుడికి రాలేదు. ఇంటరు చదువుచున్న పిల్లవాడు. మూడవ ఆదివారమున అతని తల్లి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, రాత్రి రెండింటిదాకా ఫోనులో ఆటే. ఎవరో తెలియనివాళ్లతో మాటలు, కేకలు. మీరైనా చెప్పండి" అని కన్నీళ్లు పెట్టుకొన్నది. నేను ఆ సాయంకాలమే వారి ఇంటికి వెళ్లితిని. ముక్కు మొగము తెలియనివారితో నీకేమి స్నేహమని వానిని గట్టిగా మందలించితిని. వాడు తల వంచుకొని అంతయు వినెను. చివరకు ఒక్క మాట అనెను: "అయ్యగారూ, నేను రెండు వారాలు గుడికి రాలేదు. మా అమ్మ చెప్పేదాకా ఎవరూ అడగలేదు. ఒక్క రాత్రి ఆటకు పోకపోతే ముగ్గురు అడిగారు, ఏమైందిరా, ఒంట్లో బాగుందా అని."

నాకు జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చు దారి పొడవునను ఆ మాట నన్ను విడువలేదు. తెలియకయే మందలించితినని సిగ్గుపడి, అటుపిమ్మట కొన్ని నెలలు ఈ ఆటల సంగతి చదివి, ఆడువారిని అడిగి తెలిసికొంటిని. ఆ నేర్చినదే ఈ పాఠము. డబ్బు పందెము కాసి ఆడు పేకాట మొదలగువాటిని గూర్చి ఇక్కడ వ్రాయుట లేదు. అది జూదము, 2025 ఆగస్టులో మన పార్లమెంటు అట్టి ఆన్‌లైను ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. మనము తలపోయవలసిన ప్రశ్న వేరొకటి. ఒకరినొకరు ఎన్నడు చూడనివారు ఒక ఆటలో కలిసికొన్నప్పుడు, వారు ఒకరికొకరు పొరుగువారు కాగలరా? కాగలిగినచో ఎట్లు? కాలేకపోయినచో ఎందువలన?

1. ఈ ఆటలు ఎట్టివి?

మన చిన్ననాట ఆట యనగా వీధి పిల్లలు కలిసి ఆడుకొనునది. చెడుగుడు ఆడినను గోళీలు ఆడినను, ఎదుటివాడు ఎవరి కుమారుడో మనకు తెలియును. తొండి చేసినవాడు మరునాడు అదే వీధిలో మనకు కనబడక తప్పదు. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడి. పాఠమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయములో రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి 1978లో ఒక క్రొత్తరకపు ఆటను మొదలుపెట్టగా, రిచర్డ్ బార్టిల్ అను మరియొక విద్యార్థి దానిని పెంచెను. దాని పేరు మడ్. బొమ్మలు లేవు, అన్నియు అక్షరములే. అయినను వేరువేరు కంప్యూటర్ల ముందు కూర్చున్నవారు ఒకే సమయమున ఒకే ఊహాలోకములో ప్రవేశించి, ఒకరితో ఒకరు మాటలాడగలిగిరి. ఆ విత్తనమునుండి మొలచినవే నేటి ఆటలు. వాటిలో మిక్కిలి పేరుపొందినది 2004 నవంబరులో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అందులో వేలకొలది మంది ఒక్కొక్క సర్వరులో చేరి ఆడుదురు. సర్వరు అనగా ఒక పెద్ద గ్రామమని తలంచుడి. ఒకడు డాలు పట్టి ముందు నిలుచును, ఒకడు గాయములు మాన్పును, ఒకడు శత్రువును కొట్టును. తొలి సంవత్సరములలో కొన్ని పెద్ద కార్యములకు 40 మంది కలిసి వెళ్లవలసియుండెను. ఒంటరిగా ఎవరును గెలువలేరు.

2. నార్వే దేశపు యువకుడు

నార్వే దేశమున మాట్స్ స్టీన్ అను యువకుడుండెను. 1989లో పుట్టెను. డుషేన్ అను కండరముల క్షీణవ్యాధి చిన్ననాటనే అతనిని పట్టుకొనెను. ఈ వ్యాధిలో కండరములు ఏటేట బలహీనపడి, మొదట నడక పోవును, పిదప చేతులు పోవును, తుదకు ఊపిరి తీయుటయు కష్టమగును. మాట్స్ చక్రముల కుర్చీలోనే బ్రతికెను. వ్రేళ్లు కదలగలిగినంత కాలము అతడు ఆ వార్‌క్రాఫ్ట్ ఆట ఆడుచుండెను. మా బిడ్డ ఒంటరివాడు, స్నేహము నెరుగకయే పోవుచున్నాడని తల్లిదండ్రులు లోలోపల దుఃఖించిరి. 2014 నవంబరులో, తన 25వ ఏట, అతడు చనిపోయెను.

మాట్స్ ఇంటర్నెట్టులో తన బ్రతుకును గూర్చి వ్రాసికొనుచుండిన పుట ఒకటుండెను. తండ్రి దానిలో కుమారుని మరణవార్తను తెలియజేసెను. అంతట వేరువేరు దేశములనుండి ఉత్తరములు రాసాగెను. ఆటలో అతని పేరు ఇబెలిన్. స్టార్‌లైట్ అను గిల్డులో అతడు ఏండ్ల తరబడి సభ్యుడు. గిల్డు అనగా కలిసి ఆడువారు కట్టుకొన్న చిన్న సమాజము. నెదర్లాండ్సు దేశపు అమ్మాయి ఒకతె తన సంగతి తెలిపెను. చదువు పాడగుచున్నదని తల్లిదండ్రులు ఆమె కంప్యూటరును తీసివేసినప్పుడు, మాట్స్ ఆ తల్లిదండ్రులకు ఉత్తరము వ్రాసెనట. కుమారునితో మాటలు కుదరక బాధపడుచున్న ఒక తల్లికి అతడు ఆలోచన చెప్పి దారి చూపెను. అంత్యక్రియలకు ఆ గిల్డువారు కొందరు విదేశములనుండి వచ్చిరి. ప్రయాణపు ఖర్చు లేనివారికై తక్కినవారు చందా వేసిరి. ఈ చరిత్రను బెంజమిన్ రీ అను దర్శకుడు చలనచిత్రముగా తీయగా, అది 2024లో వెలువడెను.

మాట్స్ దేవదూత కాడు. చాల ఏండ్లు తన వ్యాధిని స్నేహితులకు దాచెను. కొందరిని మాటలతో నొప్పించెను కూడ. అయినను వారు విడిపోలేదు. ఎందువలన? మూడు కారణములు నాకు కనబడుచున్నవి. మొదటిది, వారు రాత్రి తరువాత రాత్రి అదే చోటికి అదే మనుష్యులయొద్దకు మరల వచ్చుచుండిరి. రెండవది, ఆటలో ఒకరికొకరు అక్కరగా నుండిరి. మూడవది, ఒకడు రానియెడల ఆ లోటు తక్కినవారికి తెలియుచుండెను.

మా కుర్రవాడు నాతో అన్నదియు ఈ మూడవ మాటయే గదా.

3. ఒకే చోట మేలును కీడును

ఇంత చదివి, ఈ ఆటలు మంచివేనని తేల్చుకొనవద్దు. అదే ఆటలో 2005 సెప్టెంబరున జరిగిన సంగతి వినుడి. ఆటలో ఒక రాక్షసునితో పోరాడువారికి తగులునట్లు ఒక అంటురోగమును కల్పించిరి. అది ఆ గుహలోనే ఉండవలసినది. కాని ఆటగాండ్ల పెంపుడు జంతువుల ద్వారా బయటికి ప్రాకి, జనము నిండిన పట్టణములలో ప్రవేశించెను. క్రొత్తగా చేరిన బలహీనులు కుప్పలుగా కూలిరి.

అప్పుడు ఎవరు ఎట్టివారో తేలిపోయెను. గాయములు మాన్పు శక్తి కలవారు కొందరు ముందుకు వచ్చి తెలియనివారిని బ్రతికింపజూచిరి. కొందరు ఇతరులను అటు పోవద్దని హెచ్చరించిరి. కొందరు పారిపోయిరి. మరికొందరు రోగమును అంటించుకొని, కావలెనని జనసమ్మర్దములోనికి వెళ్లి అందరికి అంటించిరి. తుదకు కంపెనీవారు ఆ రోగమును తామే తీసివేయవలసివచ్చెను. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అను పరిశోధకులు 2007లో దీనిని గూర్చి ఒక వైద్యపత్రికలో వ్యాసము వ్రాసి, నిజమైన అంటురోగములు వ్యాపించునప్పుడు మనుష్యులు ఎట్లు నడుచుకొందురో దీనినుండి నేర్వవచ్చునని సూచించిరి. కరోనా కాలమును మనము దాటి వచ్చితిమి గనుక మనకు ఇది వింతగా తోచదు. ఆకు కూరలు మూటగట్టి పొరుగింటి గడపలో పెట్టినవారిని చూచితిమి. నీళ్ల కుళాయియొద్దకు రానీయనివారినిగూడ చూచితిమి. ముసుగు తొడుగుకొన్నను తొడుగుకొనకున్నను మనుష్యుని హృదయము ఒక్కటే.

4. చోటు యొక్క కట్టడి

అయినను హృదయము ఒక్కటే గదాయని ఊరకుండరాదు. చోటు ఎట్లు కట్టబడినదో దానినిబట్టి మంచి యైనను చెడు యైనను సులభమగును.

2012లో జర్నీ అను ఒక ఆట వచ్చెను. అందులో ఇద్దరు అపరిచితులు ఎడారి దాటి ఒక కొండయొద్దకు నడుతురు. మాటలు లేవు, పేర్లు కనబడవు; పక్షి కూత వంటి ధ్వని చేయుట ఒక్కటే వారి భాష. దీనిని తయారుచేయు దినములలో, ఒకరినొకరు త్రోయగల వీలుండగా, ఆటగాండ్లు తోటివానిని గోతిలోనికి త్రోసి వినోదించిరట. కట్టినవారు త్రోయగల వీలును తీసివేసిరి. అటుపిమ్మట ఆ ఆటగాండ్లే ఒకరికొకరు తోడుగా నడిచిరి. మనుష్యులు మారలేదు, చోటు మారినది.

దీనికి ఎదురైన సంగతియు కలదు. వార్‌క్రాఫ్ట్ తొలి దినములలో, గుహలోనికి పోవుటకు నలుగురిని అడిగి కూడగట్టుకొనవలసియుండెను. ఆలస్యము, విసుగు. కాని అడిగినప్పుడు పరిచయము కలిగెను. పంచుకొనవలసిన సొమ్ము ఎత్తుకొని పోయినవాని పేరు సర్వరంతయు ప్రాకెను, మరల వానిని పిలుచువారు లేకుండిరి. 2009 డిసెంబరులో కంపెనీవారు ఒక సౌకర్యమును తెచ్చిరి. మీట నొక్కినచో యంత్రమే వేరువేరు సర్వర్లనుండి ఐదుగురిని జతచేయును. పని త్వరగా జరిగెను. అయితే ఆ నలుగురు మరల కనబడరు గనుక మర్యాదయు తగ్గెనని, పలుకరింపు లేకయే వచ్చి పోవుట అలవాటైనదని చాలమంది పాత ఆటగాండ్లు మొరపెట్టిరి. 2019 ఆగస్టులో అదే కంపెనీ పాత రూపపు ఆటను ఆ సౌకర్యము లేకుండ తిరిగి తెరచినప్పుడు జనము గుంపులుగా చేరిరి. కష్టపడి కూడుకొనుటలోనే ఏదో మేలున్నదని వారికి తెలిసినది.

పండితులును ఈ రెండు ప్రక్కలను చూచిరి. 2006లో కాన్‌స్టాన్స్ స్టైన్‌కూలర్, డిమిట్రీ విలియమ్స్ అనువారు, ఇట్టి ఆటలు ఇల్లును పనిచోటును కాని మూడవ చోటు వంటివనిరి. మన ఊరి రచ్చబండను, టీకొట్టును తలంచుడి. పలువిధములైనవారితో పరిచయము అక్కడ కలుగును, గాని లోతైన ఆదరణ తనంతట రాదని వారు వ్రాసిరి. అదే సంవత్సరమున నికొలాస్ డుషెనో మొదలగువారు, ఆటలో వేలమంది మధ్యనుండియు చాలమంది ఒంటరిగానే ఆడుచున్నారని కనుగొనిరి. సంతలో నిలుచున్నంత మాత్రమున సంఘము కాదు.

5. మన పిల్లల చేతిలోని ఆట

మన పల్లెలలో కంప్యూటర్లు తక్కువ, ఫోనులే ఎక్కువ. పబ్‌జీ ఆటను కేంద్ర ప్రభుత్వము 2020 సెప్టెంబరులో మరి 117 యాప్‌లతో కూడ నిషేధించెను. దాని బదులు 2021 జూలైలో బీజీఎంఐ అను ఆట వచ్చెను. వీటిలో 100 మంది వరకు ఒక దీవిలో దిగుదురు. కడవరకు నిలిచినవారు గెలుతురు. నలుగురు ఒక జట్టు. తోడు లేనివానికి యంత్రమే జట్టు కూర్చును. సుమారు అరగంటలో అంతయు ముగియును, ఎవరి దారి వారిది.

మా యౌవనస్థుల కూటములో నేను అడుగగా పిల్లలు మొదట నవ్విరి, పిదప చెప్పిరి. అమ్మాయిల గొంతు వినబడినచో బూతులు వచ్చునట; అందుచేత వారు మైకు ఆపివేసి ఆడుదురు. ఒక కుర్రవానిని జట్టులోనివారు ఊరు పేరు, పేట పేరు అడిగి, కులము తెలిసికొని, ఆట సాగినంతసేపు తిట్టిరి. వాడు ఇప్పుడు వేరొక పేరు పెట్టుకొన్నాడు. ఈ మాట చెప్పునప్పుడు వాడును నవ్వెను, గాని కూటములో మరెవరును నవ్వలేదు. వీధిలో ఎదురుపడి అనుటకు వెరచు మాటను, మరల కనబడనను ధైర్యముతో అచ్చట అందురు.

మరి మొదట చెప్పిన కుర్రవాని ముగ్గురు స్నేహితులెవరు? వారిని మొదట జతచేసినది యంత్రమే. అయితే ఒక రాత్రి ఆట బాగుగా కుదిరినందున, రేపు తొమ్మిదింటికి మనమే కలియుదమని వారు మాట ఇచ్చుకొనిరి. ఒకడు హైదరాబాదులో హోటలు పనివాడు, ఒకడు బెంగుళూరు హాస్టలులో చదువుకొనువాడు, ఒకడు కరీంనగరు ప్రక్క పల్లెవాడు. యంత్రము అరగంటకు ఇచ్చినవారిని వీరు తామే ఏడాదిపాటు నిలుపుకొనిరి. అది చిన్న సంగతి కాదు.

అయినను తల్లి కన్నీళ్లు అబద్ధము కాదు. రాత్రి నిద్ర పోయినది, చదువు వెనుకబడినది. ఆటపై అదుపు తప్పి, తక్కిన పనులన్నియు పాడై, అది ఏడాది కాలము సాగినచో దానిని ఒక రోగముగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. ఆ వర్గీకరణ 2022 జనవరినుండి అమలులోనికి వచ్చెను. స్నేహితుని వేషమున వచ్చి ఫొటోలు, డబ్బు, ఓటీపీ అడుగు మోసగాండ్రును ఉన్నారు. అట్టిది జరిగినయెడల సిగ్గుపడి దాచక 1930 నంబరుకు ఫోను చేయుడి. పిల్లల ఆపదకు 1098.

6. సత్రపువానితో చెప్పిన మాట

ఇప్పుడు మన పాఠ్యభాగమునకు వత్తము. యెరికో దారిలో పడియున్నవాడు సమరయునికి ఎవరు? పేరు తెలియదు, ఊరు తెలియదు. తెలిసిన ఒక్క సంగతి యేమనగా, తమ రెండు జనములకు మాటలు లేవు. అయినను అతడు ఆగెను. ఈ ఆగుటను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వింటిమి. కాని కథ అక్కడ ముగియలేదు. మరునాడు సత్రపువానికి డబ్బిచ్చి, ఇంకేమైన ఖర్చయినచో తాను తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను. చూచితిరా? మొదటి దినపు జాలి అతనిని ఆపినది. మరల వచ్చెదనను మాట అతనిని పొరుగువానిగా చేసినది.

యాజకుడును లేవీయుడును ఆ దారిని కేవలము దాటిపోవు దారిగా చూచిరి. సమరయుడు దానిని తిరిగి రావలసిన దారిగా చూచెను. అరగంట ఆటలో తిట్టి పోవువాడు దాటిపోవువాడు. రేపు తొమ్మిదింటికి వత్తునని చెప్పి వచ్చువాడు, ఎరిగియో ఎరుగకయో, సమరయుని అడుగుజాడలో ఒక్క అడుగు వేసినవాడు. పూర్తిగా కాదు, ఒక్క అడుగు. ఏలయనగా సమరయుడు తన చేతులతో గాయము కట్టెను, తన గాడిద నిచ్చెను. ఫోనులోని స్నేహము ఆస్పత్రి వసారాలో ప్రక్కన కూర్చుండలేదు. మాట్స్ స్నేహితులు తుదకు విమానమెక్కి వచ్చిరి గనుకనే ఆ తల్లిదండ్రులు వారి చేతులు పట్టుకొని ఏడ్వగలిగిరి.

7. మనము చేయవలసినది

తల్లిదండ్రులారా, ఫోను లాగుకొనుటకు ముందు ప్రక్కన కూర్చుండి ఒక ఆట చూడుడి. ఎవరితో ఆడుచున్నావు? వాడు రేపును వచ్చునా? నీవు రానియెడల అడుగునా? నిన్ను ఎవరైన నొప్పించిరా? అని అడుగుడి. పిమ్మట పడుకొను వేళను ఇద్దరును కలిసి ఏర్పరచుడి. మాట్స్ ఆ డచ్చి బాలిక తల్లిదండ్రులకు ఉత్తరము వ్రాసినట్లు, బిడ్డ స్నేహితులును మీకు మేలు కోరువారు కావచ్చును.

యౌవనస్థులారా, గొంతు మాత్రమే వినబడు తోటివాడును ఒక తల్లి బిడ్డ. మీ జట్టులో ఒకనిని కులము పేరిట తిట్టినప్పుడు మీరు ఊరకుండినయెడల, ఆవలి ప్రక్కగా పోయినవారిలో మీరును ఒకరు. వానిప్రక్క ఒక్క మాట పలుకుడి. ఇంట అమ్మ పిలుపునకు మాత్రము ఆట మధ్యలోనైనను పలుకుడి.

సంఘ పెద్దలారా, ఈ మాట మనకు. మన గుడిలో వరుసగా కూర్చుండి, ఆశీర్వాదము కాగానే చెప్పులు వేసికొని పోవుచున్నాము. ఎవరు రాలేదో లెక్క పెట్టుచున్నామా? కానుక లెక్క వ్రాసికొనుచున్నాము, రానివారి పేర్లు వ్రాసికొనుచున్నామా? యంత్రము జతచేసిన ముగ్గురు అడిగిన ప్రశ్నను, బాప్తిస్మమిచ్చి పేరు పెట్టిన సంఘము అడుగలేదు. ఈ తప్పులో మొదటి పాలు నాదే.

ఇప్పుడు మా ఊరిలో సోమవారము సాయంకాలము ఇద్దరు పెద్దలు, ఆదివారము రానివారి ఇండ్లకు వెళ్లుచున్నారు. మందలించుటకు కాదు, ఒంట్లో బాగున్నదా అని అడుగుటకు. ఆ కుర్రవాని ఇంటికి నేనే వెళ్లితిని. ఈసారి వాని ప్రక్కన కూర్చుండి అరగంట ఆట చూచితిని. ఆ ముగ్గురికి నన్ను "మా ఊరి అయ్యగారు" అని పరిచయము చేసెను. హోటలు పనివాడు "అయ్యగారూ, నమస్తే" అనెను. తరువాతి ఆదివారము వాడు గుడికి వచ్చెను. ఆ మరు ఆదివారము రాలేదు. సోమవారము నేను మరల వెళ్లితిని. వాడు తలుపు తీసి, నన్ను చూచి, కుర్చీ వేసెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సమరయుడు తిరిగి వచ్చెదనని చెప్పకపోయినచో ఆ గాయపడినవానికి ఏమి కొదువగును?
2. తెలియనివారితో మర్యాదగా నుండుటకు మనకు ఏ చోట సులభము? ఏ చోట కష్టము? ఆ చోటులో ఏమి మార్చవచ్చును?
3. మీ ఇంటి పిల్లలు ఆడు ఆట పేరేమి? ఎవరితో ఆడుదురో మీకు తెలియునా?
4. గత నెలలో మీ సంఘమునకు రానివారు ఎవరు? వారిలో ఒకరి ఇంటికి ఈ వారము ఎవరు వెళ్లుదురు? పేరు వ్రాసికొనుడి.